పదకొండో నియమం

నాకు ముక్కుమీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, దాచినా దాగేది కాదు. బళ్లో పిల్లలు చాటుగా నన్ను లిట్మస్ మేడం అంటారు. ఎర్రబడటమే తప్ప మళ్లీ నీలం రంగుకి రావటం తెలియని లిట్మస్ కాగితమని వాళ్ల భావం. నాకు తెలియదనుకుంటారు పాపం. ఆ పేరు మొదటిసారి చెవిన పడ్డ రోజున స్టాఫ్‌రూములో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. పోనీలే, ఆమ్లాల పాఠం బాగా వంటబట్టింది అనుకున్నాను.

మా ల్యాబు రెండో అంతస్తులో ఉంది. నల్లరాయి పరిచిన ఎనిమిది బల్లలు, ఒక్కో బల్ల చివర ఒక కుళాయి, గోడ పక్కన ఇసుక బకెట్లు, తలుపు దగ్గర మంటలార్పే ఎర్ర సిలిండరు. ఆ తలుపుకి లోపలివైపు నేను రాసిన ఇరవై నాలుగు నియమాలు. అవి ఒక్క పూటలో కూర్చుని రాసినవి కావు. పదిహేనేళ్లలో ఒక్కొక్కటే చేరాయి. జుట్టు విరబోసుకుని బర్నరు మీదికి వంగిన పిల్లని చూసి ఒకటి రాశాను. పరీక్షనాళిక మూతి తోటివాడి మొహం వైపు తిప్పి వేడిచేస్తున్నవాణ్ని చూసి ఇంకొకటి. సీసా మీద పేరు చదవకుండా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చిన ఘనుణ్ని చూసి మరొకటి. అప్పుడేమీ జరగలేదు గాని, జరిగేదే. అందుకే రాశాను.

ప్రతి ఏడూ మొదటి వారం ఎవరూ ఏ సీసా ముట్టుకోరు. ఇరవై నాలుగు నియమాలూ పొల్లుపోకుండా, చూడకుండా రాయాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదట్నుంచీ రాయాలి. ఆ తర్వాత ఒక కాపీ ఇంటికి వెళ్తుంది. 'నియమం తప్పినందువల్ల ఏం జరిగినా బాధ్యత మాదే' అన్న వాక్యం కింద ఇంట్లో పెద్దవాళ్లు సంతకం పెట్టి పంపాలి. సంతకం రానిదే గుమ్మం దాటనివ్వను.

ఇక నంబరు సంగతి. ఇది నేను సొంతంగా కనిపెట్టిన పద్ధతి, దీనిమీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ల్యాబులో ఎవరు తప్పు చేసినా నేను కేకలు వెయ్యను. "నంబరు?" అంటాను, అంతే. తప్పు చేసినవాళ్లు, తాము తప్పింది ఎన్నో నియమమో చెప్పాలి. "తొమ్మిది మేడం." వెంటనే క్లాసంతా ఒక్క గొంతుతో తొమ్మిదో నియమం అప్పజెబుతుంది. ఆ పీరియడు అయ్యేదాకా వాళ్లు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని మిగతావాళ్లు చేసే ప్రయోగం చూడాలి. టర్ములో మూడుసార్లు నంబరు పడితే ఆ టర్ముకి ఇక ల్యాబు లేదు, ప్రాక్టికల్ మార్కులూ లేవు. దెబ్బ లేదు, తిట్టు లేదు, అయినా నా ల్యాబులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. ప్రమాదాలేమైనా జరిగితే రాయటానికి బడివాళ్లిచ్చిన పుస్తకంలో పదిహేనేళ్లుగా ఒక్క అక్షరం పడలేదు.

ఆ తెల్లటి పుస్తకం గురించి హెడ్మాస్టరుగారు ఎక్కడో ఎవరి చెవినో వేశారు. బళ్లన్నిటికీ ఒకే రకం ల్యాబు నియమాలు ఉండాలని పైవాళ్లు ఒక కమిటీ వేశారట. వాళ్లు మా ల్యాబు చూడటానికి వస్తున్నారట. నచ్చితే నా ఇరవై నాలుగు నియమాలూ, నంబరు పద్ధతితో సహా, అచ్చువేసి ప్రతి బడికీ పంపుతారు. ఈ మాట విన్న దగ్గర్నుంచీ నా కాళ్లు నేలమీద నిలవలేదు. "పెళ్లిరోజున కూడా నీ మొహం ఇంత వెలగలేదే" అన్నాడు మా ఆయన. నిజమే. నాకది కావాలి. బతుకులో దేన్నీ అంతగా కోరుకున్నట్టు గుర్తులేదు.

పదో తరగతిలో మూడో బల్ల దగ్గర ఒక పిల్ల ఉండేది. అందరికంటే పొట్టి కాబట్టి తోటిపిల్లలు బుల్లి అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ల నాన్న టైలరు. బడి వదిలాక షాపులో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టేది. ఆ పనితనమంతా ల్యాబులో కనిపించేది. బ్యూరెట్టులోంచి ఒక్క చుక్క వదలమంటే ఒక్క చుక్కే వదిలేది, అరచుక్క అడిగినా వదిలేదేమో. కాని ఆ టర్ములో దానికి అప్పటికే రెండు నంబర్లు పడ్డాయి. ఒకటి జడ ముడి వేసుకోనందుకు, రెండోది ఆలోచిస్తూ ఆలోచిస్తూ పెన్ను నోట్లో పెట్టుకున్నందుకు. రెండుసార్లూ స్టూలు మీద కూర్చుని, మెడ చాచి, పక్కవాళ్ల బ్యూరెట్టు వంక ఆకలిగా చూస్తూ పీరియడు వెళ్లదీసింది.

కమిటీ రావటానికి పది రోజుల ముందు, మధ్యాహ్నం మొదటి పీరియడు. కాస్టిక్ సోడా ద్రావణం తయారుచెయ్యటం ఆ రోజు పని. కాస్టిక్ సోడా చిన్న చిన్న తెల్లటి గుళికలుగా వస్తుంది. గాలి తగిలితే చాలు, చెమ్మ పీల్చుకుని జిగటగా అయిపోతుంది. యాసిడ్ కంటే నాకు దీనంటేనే ఎక్కువ భయం. యాసిడ్ ఒంటిమీద పడితే చురుక్కుమంటుంది, పిల్లలు గంతేసి కుళాయి దగ్గరికి పోతారు. ఇది మొదట సబ్బులా జారుతుంది, అంతే. చర్మం లోపలికి దిగాక గాని మంట తెలియదు. ఈ మాట ఆ రోజు బోర్డు మీద రాసి మరీ చెప్పాను.

గుళికలు చెంచాతో తీసి గాజుపళ్లెంలో వేసి తూచాలి. చేతులకి తొడుగులుండాలి, అది ఆరో నియమం. మా దగ్గరున్న తొడుగులన్నీ ఒకే సైజు, పెద్దవాళ్లవి. చిన్నవి తెప్పించాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

పీరియడు సగం గడిచాక మూడో బల్ల దగ్గర ఒకడు, ల్యాబులో రక్షణకి పెట్టుకోవాల్సిన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కనిపించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కమిటీవాళ్లు వచ్చిన రోజున వీడిలా నిలబడితే నా గతేం కావాలి? వెళ్లి ఆ బల్ల ముందు నిలబడ్డాను. నేను వస్తే ఆ బల్లవాళ్లు చేతిలో పని ఆపి నిటారుగా నిలబడాలి, నిలబడ్డారు. "నంబరు?" అన్నాను. "నాలుగు మేడం" అన్నాడు వాడు. క్లాసు నాలుగో నియమం అప్పజెప్పింది. వాడు తలవంచుకుని స్టూలు దగ్గరికి వెళ్లాడు. నేను అక్కడితో ఊరుకోవచ్చు. కాని ఊపు వచ్చేసింది. క్రమశిక్షణ అంటే ఏమిటి, ఈ నియమాలు ఎవరి మంచికోసం, కన్ను పోతే ఎవరు తెచ్చిస్తారు, నలుగురిలో మన పరువేం కావాలి, అన్నీ ఏకరువు పెట్టాను. ఆపి గోడగడియారం చూసుకుంటే పద్నాలుగు నిమిషాలు గడిచాయి. అంతసేపూ బుల్లి నా ముందు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది. కుడి గుప్పిట బిగించి, రెప్పవెయ్యకుండా నన్నే చూస్తోంది. ఎంత బుద్ధిగా వింటోందో అనుకున్నాను. ముచ్చటేసింది కూడా.

అంతలోనే గంట కొట్టారు. వెళ్లేముందు ఒక్కొక్కరూ వచ్చి కళ్లద్దాలు నా చేతికిచ్చి వెళ్లాలి. బుల్లి ఎడంచేత్తో ఇచ్చింది. కుడి గుప్పిట ఇంకా బిగించే ఉంది. ఏడాదికొకరైనా మెగ్నీషియం తీగముక్క ఎత్తుకుపోతుంటారు, ఇంట్లో వెలిగించి గొప్పలు పోవటానికి. ఇదీ అదే బాపతు అనుకున్నాను. కమిటీ వచ్చేముందు ఈ దొంగతనమొకటా అని చిర్రెత్తుకొచ్చింది.

"ఏముంది చేతిలో? తెరువు."

తెరవలేదు. నా కళ్లలోకి చూసి, పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పింది.

"పదకొండు మేడం. ఆరు కూడా."

పదకొండో నియమం నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కింద పడినదాన్ని చేత్తో ముట్టుకోకూడదు, వెంటనే మేడంకి చెప్పాలి. ఆ గుప్పిట పట్టుకుని తెరవబోయాను. నా వేళ్లు జారిపోయాయి, దాని చెయ్యి సబ్బు రాసినట్టుంది. తెరిచి చూస్తే లోపల గుళిక లేదు, ఎప్పుడో కరిగిపోయింది. అరచేతి మధ్య నుంచి చివరి రెండు వేళ్ల మొదళ్ల దాకా చర్మం తెల్లగా పాలిపోయి, నానిపోయి ఉంది.  నంబరు చెప్పేసిన పిల్ల ఇక స్టూలు మీద కూర్చోవాలా, బయటికి పోవాలా అన్నట్టు నా వంక చూస్తూ నిలబడింది.

ఆ చెయ్యి లాక్కెళ్లి కుళాయి కింద పెట్టాను. వెనకనుంచి ఎవరో "నిమ్మరసం పోస్తే విరిగిపోతుంది కదా మేడం" అన్నారు. "నీళ్లు. నీళ్లు తప్ప ఇంకేదీ వద్దు" అన్నాను. మా ల్యాబు అటెండరు యాభై దాటిన మనిషి, పిల్లలు ఆమెని పిన్ని అంటారు. పిన్ని కిందికి పరిగెత్తి హెడ్మాస్టరుగారికి చెప్పి, లెక్కల మాస్టారి కారు తెప్పించింది. నేను అరగంటసేపు కుళాయి కింద ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పింది బుల్లి. తొడుగు వదులుగా ఉండి చెంచా జారిందట. ఒక్క గుళిక కింద పడిందట. వదులు తొడుగుతో అది పట్టుకు రాక, తొడుగు తీసేసి ఏరిందట. తీసి పళ్లెంలో వేసేలోపల నేను వచ్చి ముందు నిలబడ్డాను.

"నాకు చెప్పొచ్చు కదే."

"మూడోది అవుతుంది కదా మేడం."

"మరి మంట పుట్టలేదా?"

"లేదు మేడం" అంది.

ఆ పిల్ల అబద్ధం చెబుతోందని నాకు తెలుసు. పదిహేనేళ్లుగా ఆ రసాయనంతో పనిచేస్తున్నదాన్ని.

ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి చూసి, ఎంతసేపు అంటుకుని ఉంది అని అడిగాడు. "పద్నాలుగు నిమిషాల పైనే" అన్నాను. అంత కచ్చితంగా చెప్పేసరికి తలెత్తి చూశాడు. "అంతసేపూ పక్కన పెద్దవాళ్లెవరూ లేరా?" అన్నాడు. "నేనున్నానండీ" అన్నాను.  లోతుగానే కాలిందని, ఇంకోచోటి చర్మం తీసి అతకాల్సి రావచ్చని, చివరి రెండు వేళ్లూ మునుపటిలా చాపగలదో లేదో మానుతూ ఉంటే గాని తెలియదని చెప్పాడు.

వాళ్ల నాన్న చొక్కా నిండా దారప్పోగులతో, ఉన్నపళంగా వచ్చాడు. బుల్లి తల్లి లేని పిల్ల అని అప్పుడే తెలిసింది నాకు. ఈయన నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. చూస్తే నా నియమాల కాగితమే. కింద తన సంతకం ఉన్నచోట వేలుపెట్టి చూపించాడు.

"అంతా చదివే పెట్టాను మేడంగారూ. తప్పు మా పిల్లదే. కొంచెం కంగారు ఎక్కువ దానికి. ఈ ఒక్కసారికి మన్నించండి. ల్యాబులోంచి మాత్రం తీసెయ్యకండి. ఇంటికొస్తే దానికి మీ ల్యాబు కబుర్లే. కుట్టుకుంటూ అన్నీ నాకు పూసగుచ్చినట్టు చెబుతుంది."

చెయ్యి కాలిన పిల్ల తండ్రి నన్ను మన్నించమని అడుగుతున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తీసెయ్యనండీ, దాని చోటు దానిదే" అన్నాను. 

హెడ్మాస్టరుగారు చెడ్డమనిషేం కాదు, గొడవంటే గిట్టని మనిషి. మర్నాడు నన్ను గదిలోకి పిలిచి మంచినీళ్లిచ్చి మరీ చెప్పారు. "పిల్ల నియమం తప్పింది. తండ్రి సంతకం ఉంది. మీ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు, ఊరికే మనసు పాడుచేసుకోకండి. ఇక పుస్తకంలో రాయటం సంగతంటారా, కమిటీవాళ్లు వచ్చి వెళ్లాక చూద్దాం. తొందరేముంది?"

ఆ మాట నాకు చల్లగా తగిలింది, కాదని చెప్పలేను. అయినా రెండుసార్లు బీరువాలోంచి పుస్తకం తీసి ముందు పెట్టుకున్నాను. తేదీ కూడా వెయ్యలేకపోయాను. పదిహేనేళ్ల తెల్లకాగితం మీద మొదటి గీత పెట్టటానికి చెయ్యి రాలేదు. రేపు రాద్దాంలే అనుకుని మూసేశాను. సిగ్గుపడాల్సిన సంగతే, కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

ఆ వారంలోనే ప్రథమచికిత్స పెట్టె సర్దుదామని తెరిచాను. కాలిన గాయాలకి రాసే మందు గొట్టం సీలు కూడా తియ్యకుండా ఉంది. గడువు తీరి మూడేళ్లయింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, "ఒక్కసారీ వాడే అవసరం రాలేదు చూశారా" అన్నాను పిన్నితో. ఆమె తన సంచీలోకి చెయ్యిపెట్టి, భోజనం డబ్బా పక్కనుంచి ఒక గొట్టం తీసి బల్లమీద పెట్టింది. అదే మందు. అడుగునుంచీ నొక్కి నొక్కి, చుట్టలు చుట్టి ఉంది.

"ఈ ఏడాదికి ఇది నాలుగోదమ్మా."

నాకు అర్థం కాలేదు. అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వేడి నాళిక పట్టుకుని వేలు కాల్చుకున్నవాళ్లు, యాసిడ్ చింది మోచెయ్యి పొక్కినవాళ్లు, గాజుపెంకు గుచ్చుకున్నవాళ్లు ఇంటర్వెల్లో మెట్లకిందున్న ఆమె గదికి వస్తారట. కడిగి, మందు రాసి పంపిస్తుందట. దెబ్బ కనపడకుండా పొడుగుచేతుల చొక్కా వేసుకోమని కూడా ఆమే చెబుతుందట.

"పెద్ద దెబ్బలైతే దాస్తానా అమ్మా? ఇవన్నీ చిన్నాచితకావే."

"అయినా ఇన్నేళ్లలో నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?" నా గొంతు లేచింది, మామూలుగానే.

"మీకు తెలియకూడదనే కదమ్మా వాళ్లు నా దగ్గరికొచ్చేది" అంది పిన్ని. "నేనూ చెప్పేస్తే ఇక వాళ్లు ఎవరి దగ్గరికి పోతారు?"

 ఆ రోజంతా పాత క్లాసుల మొహాలు ఒక్కొక్కటీ కళ్లముందుకొచ్చాయి. ఎండాకాలంలో చేతులు కప్పేసుకుని తిరిగిన ఒక పొడుగాటివాడు, వారంపాటు ఎడంచేత్తో కోడిగీతలు రాసిన ఒక పిల్ల. వాణ్ని అదేం ఫ్యాషన్‌రా అని ఎగతాళి చేశాను. దాని రాత బాగాలేదని మార్కులు తగ్గించాను.

మర్నాడు క్లాసులో చెప్పాను, ఇకనుంచి నంబరు లేదు, స్టూలు లేదు, ఏం జరిగినా వచ్చి నాతో చెప్పండి, ఒక్క మాట అనను అని. "అలాగే మేడం" అన్నారు అందరూ ఒక్క గొంతుతో, నియమం అప్పజెప్పినట్టే. ఆ పూటే ఆరో బల్ల వైపు గాజు పగిలిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి అందరూ బుద్ధిగా పని చేసుకుంటున్నారు, నేలమీద ఒక్క పెంకు లేదు. "ఏం పగిలింది?" అన్నాను. "ఏం లేదు మేడం." నాకు ఉడుకెత్తింది. దిగమింగుకున్నాను. ఇన్నాళ్లూ నంబరుకి భయపడ్డ పిల్లలు, తీరా నమ్మమంటే ఎలా నమ్ముతారు?

కమిటీ వచ్చే రోజుకి ముందురోజు బుల్లి చేతికి కట్టుతో బడికి వచ్చింది. హెడ్మాస్టరుగారు దాన్ని మర్నాడు లైబ్రరీలో కూర్చోబెడదామన్నారు, ఆదరంగానే. "వద్దండీ, వాళ్ల నాన్నకి మాటిచ్చాను" అన్నాను. అలాగని నిజం చెప్పేద్దామని నేనేమీ గట్టిగా అనుకోలేదు. అడిగితే చూద్దాం, అడగకపోతే మరీ మంచిది అనుకున్నాను.

కమిటీలో ముగ్గురు. అందులో పెద్దాయన మెత్తగా మాట్లాడే మనిషి. తలుపు మీది కాగితం మొదట్నుంచి చివరిదాకా వేలుపెట్టుకుని చదివారు. తర్వాత పిల్లల వైపు తిరిగి "పదిహేడు?" అన్నారు. క్లాసు పదిహేడో నియమం అప్పజెప్పింది. "ఇరవై రెండు?" అప్పజెప్పింది. "పదకొండు?" అన్నారు. అందరితో పాటు బుల్లి కూడా అప్పజెప్పింది, ఒక్క అక్షరం పోకుండా.  ఆయన పుస్తకం తెప్పించుకుని, అట్ట మీది తేదీ చూసి, లోపల పేజీలు తిప్పారు. "పదిహేనేళ్లండీ, ఒక్కటీ లేదు" అన్నారు మిగతా ఇద్దరితో. "ఇది అన్ని బళ్లకీ వెళ్లాల్సిందే."

నాకు కావలసింది అదే. అది నా ముందుకొచ్చి నిలబడింది.

వెళ్లబోతూ ఆయన మూడో బల్ల దగ్గర ఆగారు. "చేతికేమైందమ్మా?"

 హెడ్మాస్టరుగారి వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన బుల్లికి ముందుగా ఏమీ చెప్పిపెట్టలేదని నాకు తెలిసిపోయింది.

"ఇంట్లో పాలగిన్నె దింపుతుంటే ఒలికింది సార్" అంది బుల్లి. కాస్త కూడా తడబడలేదు. చిన్నగా నవ్వింది కూడా. "మసిగుడ్డ పట్టుకోకుండా దింపాను సార్. నా పొరపాటే."

క్లాసు వైపు చూశాను. వాళ్లంతా ఆ రోజు కుళాయి చుట్టూ మూగి నిలబడ్డవాళ్లే. ఒక్కరి మొహంలో మార్పు లేదు. ఎవరూ ఎవరికీ సైగ చేసుకోలేదు, చేసుకునే అవసరమే లేదు. దెబ్బ తగిలితే దాచుకోవాలని, అడిగితే తప్పు నాదేనని చెప్పాలని నా ఇరవై నాలుగింటిలో ఎక్కడా రాసి లేదు. అయినా అందరికీ వచ్చు. నాకు ఆ క్షణంలో నామీద నాకే అసహ్యం వేసింది.

"జాగ్రత్తగా ఉండాలమ్మా" అని పెద్దాయన రెండడుగులు వేశారు. ఇంకో రెండడుగులు వేస్తే తలుపు దాటేవారు.

"పాలు కాదండీ" అన్నాను. "కాస్టిక్ సోడా. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. పద్నాలుగు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. నేను దాని ఎదురుగా నిలబడి క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నాను. నాకు చెప్పటానికి భయపడింది."

 మొదలుపెట్టాక ఇక ఆగలేదు నేను. పిన్ని దగ్గరున్న మందు గొట్టాల సంగతి కూడా చెప్పేశాను. "ఆ పుస్తకం తెల్లగా ఉందంటే ఏమీ జరగలేదని కాదండీ. నా దాకా రాలేదని. దయచేసి ఆ నంబరు పద్ధతి ఇంకెక్కడికీ పంపకండి" అన్నాను.

పెద్దాయన చాలాసేపు బుల్లి చేతివంకే చూశారు. "చెప్పారు, మంచిపని చేశారు" అన్నారు చివరికి. "కాని మరి ఇది మేం తీసుకెళ్లలేం. మీకు తెలుసుగా."

"తెలుసండీ."

వాళ్లు వెళ్లిపోయారు. హెడ్మాస్టరుగారు వాళ్ల వెనకే, నా వంక చూడకుండా వెళ్లారు. నేను పుస్తకం ముందు పెట్టుకుని తేదీ వేశాను. ఏం జరిగిందో నాలుగు లైన్లలో రాశాను. పిల్లలు చూస్తున్నారు. గంట కొట్టాక ఒక్కొక్కరూ వెళ్లారు. బుల్లి వెళ్లలేదు.

"ఎందుకు చెప్పారు మేడం?" అంది. గొంతులో కోపం ఉంది. ఆ పిల్ల గొంతులో కోపం వినటం నాకదే మొదలు. "నేను బాగానే చెప్పాను కదా. ఆయన నమ్మారు కూడా. మీకొచ్చేది నా వల్ల పోయింది."

"నీ వల్ల కాదు. నువ్వు బాగానే చెప్పావు. ఆ చెప్పటం నా దగ్గరే నేర్చుకున్నావు, అదే నాకు కష్టంగా ఉంది" అన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను. నాకు ఉపన్యాసాలు బాగా వచ్చు కదా. ఆపుకున్నాను. "నొప్పి ఎలా ఉందే ఇప్పుడు?" అని అడిగాను.

"ఏం లేదు మేడం" అంది వెంటనే, అలవాటుగా. తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగి, నియమాల కాగితం పక్కన, నాకు వీపు పెట్టి కాసేపు నిలబడింది. నేను పిలవలేదు, కదలలేదు. అది తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి, కట్టులోంచి బయటికున్న వేళ్లు నా ముందు పెట్టి చాపటానికి చూసింది. మూడు కదిలాయి. చివరి రెండూ సగం దాకా వచ్చి ఆగిపోయాయి. పెదవి కొరుక్కుని ఇంకోసారి చూసింది. అంతే వచ్చాయి.

"నిన్నట్నుంచీ ఇంతే మేడం. బిగుసుకుపోతున్నాయి, చాపితే ప్రాణం పోతోంది. సూది పట్టుకోలేకపోతున్నా" అంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "నాన్నకి కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నా."